కృష్ణకాంతుని మరణశాసనము — దాయవిచారము

బంకించంద్ర చటోపాధ్యాయుని (1838–1894) 'కృష్ణకాంతుని మరణశాసనము' వంగదర్శన పత్రికలో ఖండశః ప్రకటితమై, 1878వ సంవత్సరమునఁ బుస్తకరూపముఁ దాల్చినది. వంగనవలలు తెలుఁగున విరివిగా ననువదింపఁబడిన 20వ శతాబ్దపుఁ దొలిదశకములనుండియు నాంధ్రపాఠకులు బంకించంద్రుని నెఱుఁగుదురు. ఈ నవలను గూర్చి జరుగు ప్రసంగము సాధారణముగా మువ్వురు పాత్రలచుట్టునే తిరుగుచుండును. రోహిణి వితంతువు, భ్రమర సాధ్వి, వీరి నడుమ గోవిందలాలు. ఒకరు రోహిణిని జూచి జాలిపడుదురు, మఱియొకరు దూషింతురు. మరణశాసనము కథ నడచుటకై రచయిత కల్పించుకొన్న మిష యనియు, మొదటి కొన్ని ప్రకరణములతోనే దాని పని తీఱినదనియుఁ దలఁచువారు పెక్కురు. రచయిత తన గ్రంథమునకు రోహిణి పేరుగాని భ్రమర పేరుగాని పెట్టక యొక కాగితము పేరు పెట్టుటకుఁ గారణ మేమని యడిగినవారు తక్కువ. ఆ ప్రశ్న నడిగి నవలను మరల మొదటినుండి చదివినచో వేఱొక కథ కనఁబడును. దొంగిలింపఁబడిన మరణశాసనము రాయవంశమునకు రవంతయుఁ గీడు చేయలేదు. తిరిగి పెట్టెలోఁ జేరిన మరణశాసనమే, యజమానుని చేతిలో, న్యాయముగా, సాక్షుల సమక్షమున, ఆ యిల్లు కూల్చినది.

కథాంశ మిది. హరిద్రాగ్రామమున కృష్ణకాంతరాయలు గొప్ప జమీందారు. ఆస్తి యాతఁ డొక్కఁడే గడించినది కాదు. తమ్ముఁడు రామకాంతుఁడును దానును గలిసి యార్జించినారు. అవిభక్తకుటుంబ మగుటచే పత్రములన్నియు నన్న పేరనే యున్నవి. రామకాంతునకుఁ గొమారుఁడు గోవిందలాలు పుట్టఁగానే యొక లేఖ వ్రాయించుకొనవలెనను చింత పుట్టినది. అన్నయం దనుమానము లేదు. అన్నకొడుకులు రేపెట్లుందురో యను సంశయము మాత్ర మున్నది. అడుగుటకు మొగమాటపడి నేఁడు రేపనుచుండఁగానే యొక తాలూకాకుఁ బోయి యచ్చట హఠాత్తుగా మరణించినాఁడు. ఈ నవలలోఁ గానరాని పత్రములలో మొదటి దిదియే. రోహిణి దొంగిలించినది రెండవది. వ్రాయఁబడని యీ లేఖను విమర్శకులు దాఁటిపోవుచుందురు. కాని తరువాతి యనర్థమంతయు దీని లేమినుండి పుట్టినదే.

కృష్ణకాంతుఁడు తమ్ముని కొడుకును మోసగింప నెంచలేదు. ఎంచినచో నడ్డుపడువాఁడు లేఁడు. అతఁడు వ్రాయించిన మొదటి మరణశాసనమున గోవిందలాలునకు నెనిమిదణాలు, తన కొడుకులు హరలాల వినోదలాలులకు మూఁడేసి యణాలు, భార్యకు నొకయణా, కూఁతురు శైలవతికి నొకయణా. పదాఱణాల లెక్క సరిపోయినది. పెద్దకొడుకు హరలాలు తండ్రిపైఁ గినిసి, గోవిందలాలునకు సగమా, తల్లికిని జెల్లెలికిని వాటాలా యని నిలఁదీసినాఁడు. ముసలివానికిఁ గోపము వచ్చి యా పత్రమును జించి, హరలాలు భాగమును మూఁడణాలనుండి యొకయణాకు దింపి, తగ్గినదానిని వినోదలాలునకుఁ గలిపి, వేఱొకటి వ్రాయించినాఁడు. హరలాలు కలకత్తాకుఁ బోయి, తనకు సగము వ్రాయనిచోఁ దాను వితంతువును బెండ్లాడుదునని తండ్రికి నుత్తరము వ్రాసినాఁడు. ఆ పత్రమును జిరిఁగినది. ఈసారి హరలాలునకు శూన్యము.

హరలాలు బెదరింపును గూర్చి యొకమాట. 1856వ సంవత్సరపుఁ జట్టము వితంతువివాహమును శాసనసమ్మతము గావించినది. కందుకూరి వీరేశలింగము పంతులు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించుటకు మూఁడేండ్లకు ముందే వెలువడిన యీ నవలలో నా సంస్కారము ధర్మకార్యముగాఁ గాక, తండ్రిని లొంగఁదీయుట కొక దుర్వర్తనుఁడు పట్టిన కఱ్ఱగాఁ గనఁబడుచున్నది. తరువాత రోహిణి కాసచూపి వాఁడు తన పని చేయించుకొన్నదియు నీ వివాహపుమాటతోనే. పంతులవారి చరిత్రముఁ జదివిన తెలుఁగుపాఠకునకు నీ చోటు రుచింపదు. బంకించంద్రుఁ డీ సంస్కారమునెడల నుదారుఁడు కాఁడను నాక్షేపణము నిరాధారము కాదు.

ఇంక శాస్త్రవిషయము. ఒక తండ్రి కోపము వచ్చినప్పుడెల్లఁ గొడుకు భాగమును దగ్గించుచు, తుదకుఁ దుడిచివేయుచున్నాఁడు. కొడుకు బెదరించుచున్నాఁడు, లంచ మిచ్చుచున్నాఁడు, దొంగతనము చేయించుచున్నాఁడు. న్యాయస్థానమునకు మాత్రము పోలేదు. ఏల? తెలుఁగుదేశపుఁ గాపుఁబిల్లవాఁడైనను విభాగపు దావా వేయుదునని మొదట ననియుండును. హరలాలు నోట నా మాటయే రాలేదు. కారణ మాతని స్వభావములో లేదు, వంగదేశపు దాయశాస్త్రములో నున్నది.

ఆంధ్రదేశమునఁ జెల్లినది విజ్ఞానేశ్వరుని మితాక్షర. దానిని 13వ శతాబ్దముననే కేతన తెనిఁగించి 'విజ్ఞానేశ్వరీయ'మని పద్యరూపమున నిచ్చినాఁడు. ఆ మతమునఁ బిత్రార్జితమందు కొడుకునకుఁ బుట్టుకతోనే స్వత్వము గలదు. తండ్రి దానిని మరణశాసనముచే నొరుల కీఁజాలఁడు. వంగదేశమునఁ జెల్లినది జీమూతవాహనుని దాయభాగము. దాని ప్రకారము తండ్రి స్వత్వము తొలఁగినప్పుడే కొడుకు స్వత్వ మేర్పడును. అతఁడు బ్రతికియున్నంతకాలము కొడుకునకుఁ గల దాశ మాత్రమే. తండ్రి యధర్మముగా నిచ్చిన దానము దోషమే యగునుగాని చెల్లకపోదనియు నా గ్రంథమే యొప్పుకొన్నది. ఈ వాక్యముమీఁదనే 19వ శతాబ్ది పూర్వార్ధమున కలకత్తా న్యాయస్థానములు హిందువు తన సర్వస్వమును దన యిచ్చవచ్చినట్లు వ్రాసిపోవచ్చునని స్థిరపఱచినవి. ధర్మశాస్త్రములలో మరణశాసనమునకుఁ బేరు లేదు. తెలుఁగున జనులనోట నాడుచున్న 'వీలునామా' యను మాటలో నింగ్లీషు మాటకుఁ బారసీ తోఁక తగిలినది. వంగభాషలో నా తోఁకయు లేదు, ఇంగ్లీషు మాటయే 'ఉయిల్' అని నిలిచినది. బంకించంద్రుఁడు తన గ్రంథమునకుఁ బెట్టిన పేరదియే. వస్తువు పరదేశపుదని మాటయే చెప్పుచున్నది.

మితాక్షరా వ్యవహారమందును స్వార్జితమునఁ దండ్రికి స్వాతంత్ర్యము గలదు గదా, 1898లో ప్రీవీకౌన్సిలు దానిని నిర్ధారించినది గదా, రాయల యాస్తి యన్నదమ్ముల స్వార్జితమే గదా యని యొక పండితుఁ డాక్షేపింపవచ్చును. ఆక్షేపణము సరియైనదే. కాని యన్నదమ్ము లవిభక్తులై కలిసి గడించినది కుటుంబాస్తియా, వేఱువేఱు స్వార్జితములా యను తగవు మితాక్షర చెల్లు సీమలో న్యాయస్థానముల నేండ్లకొలఁది నిలువఁదగినది. గెలుచునో యోడునో, హరలాలున కడుగుపెట్టుట కొక చోటుండెడిది. వంగదేశమున నా చోటు లేదు. ఉన్నదొక్కటే: తండ్రి పెట్టెలోని కాగితము. దానిని మార్చినవాఁడే ధనికుఁడు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్ట మవిభక్తాస్తిలోని తన భాగమునుగూడ మరణశాసనముచే నిచ్చుట కెల్లరకు ననుమతి నిచ్చుటచే నీ భేదము నేఁటి పాఠకునకుఁ దోఁపదు. అందుచే హరలాలు చేష్ట వట్టి దుర్మార్గముగా మాత్రమే కనఁబడును. దుర్మార్గమే, కాని యా దుర్మార్గమున కొక దారిని మాత్రమే శాస్త్రము తెఱచియుంచినది.

ఈ స్వాతంత్ర్య మన్యాయమునకే కాక న్యాయమునకును దోడ్పడిన దనుట మఱువరాదు. అన్నదమ్ములు గల కూఁతురికి దాయభాగమునఁ దండ్రి యాస్తిలో భాగము లేదు. శైలవతి కొకయణా వచ్చినది తండ్రి వ్రాయుటచేతనే. ఆమె కథలో నించుమించు కనఁబడనే కనఁబడదు. హరలాలు మొట్టమొదట నాక్షేపించినవానిలో నామె యణాయు నొకటి.

తరువాతి కథ యెల్లరు నెఱిఁగినదే. మరణశాసనములు వ్రాయు బ్రహ్మానందునకు హరలాలు వేయిరూపాయ లాసపెట్టి, తనకుఁ బెద్దభాగమును గోవిందలాలునకు నామమాత్రమును గల కూటపత్రమును వ్రాయించి, దానిని నిజపత్రమునకు మాఱుగా నుంచుమన్నాఁడు. వాఁడు భయపడి చేయలేకపోయినాఁడు. వాని యన్నకూఁతురు రోహిణి చేసినది. ధనమునకుఁ గాదు, హరలాలు తన్నుఁ బెండ్లాడునను నాశకు. పని తీఱఁగానే హరలాలు దొంగను భార్యగాఁ జేసికొననన్నాఁడు. నిజపత్ర మామెచేతనే నిలిచిపోయినది.

ఇచ్చట బంకించంద్రుని నేర్పు పరికింపఁదగినది. నిజమైన మరణశాసనము పోయినదని రాయలయింట నొక్కరికిని దెలియదు. ముసలివాఁడు తినుచున్నాఁడు, నల్లమందు వేసికొనుచున్నాఁడు, నిద్రించుచున్నాఁడు. గోవిందలాలు పూఁదోఁటలఁ దిరుగుచున్నాఁడు. పదాఱణాల యాస్తి యొక పేదవితంతువు గదిలో దాఁగియున్నది. దాని బరువు మోయుచున్న దామె యొక్కతె. వారుణీపుష్కరిణి యొడ్డున నామె యేడ్చుచుండఁగా గోవిందలాలు దయతోఁ బలుకరించినాఁడు. ఆ దయయే యామెకుఁ బ్రేమగాఁ బరిణమించినది; ప్రేమ పశ్చాత్తాపమును దెచ్చినది. తాను పెట్టెలో నుంచివచ్చిన కూటపత్రము వీని నోటికూడు తీయునని తోఁచి, మరల నర్ధరాత్రమునఁ గృష్ణకాంతుని గదిఁ జొచ్చి, నిజమైన దాని నుంచి, కూటమును దీపమునఁ గాల్చుచుండఁగా దొరకిపోయినది. దొంగిలించినప్పు డెవ్వరును జూడలేదు. తిరిగి యిచ్చినప్పుడు పట్టుకొని, తల గొఱిగించి యూరు వెడలఁగొట్టవలె నన్నారు. ఈ యొక్క ఘట్టమునకై యీ నవల యెంతకాలమైనను నిలువఁదగినది. పత్ర మున్నచోట నుండుటయే న్యాయమని తలఁచు న్యాయదృష్టికి, దానిని తెచ్చినచేయి యెట్టిదో కనఁబడదు.

రోహిణి తరువాతి చరిత్ర యింత నిపుణముగా లేదు. ప్రసాదపురమున గోవిందలాలుతోఁ గాపురమున్న యామె, నిశాకరుఁ డను పరపురుషుని మొదటి పిలుపునకే యేటిగట్టునకుఁ బోవుటయు, గోవిందలాలు పిస్తోలునకు బలి యగుటయుఁ గొన్ని పుటలలో ముగిసినది. శరచ్చంద్రుఁ డీ వధను గూర్చి బంకించంద్రు నాక్షేపించినాఁడు. దానికి సమాధానము చెప్పుట కష్టము. ప్రాణములకుఁ దెగించి పత్రమును తిరిగి యిచ్చిన మనస్సు కలదియు, నొక క్రొత్తముఖమును జూడఁగానే చలించినదియు నొక్కతె యనిపించుటకు రచయిత కావలసినంత పని చేయలేదు. శిక్షింపఁదలఁచినవాఁడు తొందరపడినాఁడు.

ఇఁక మరణశాసనమునకు మరలుదము. రోహిణి దానిని స్వస్థానమునఁ జేర్చినది. అనర్థము తప్పినదని పాఠకుఁడు తలఁచును. కొంతకాలమునకు రోహిణి గోవిందలాలుల గూర్చి యూరంతయు గుసగుసలు పుట్టినవి. భ్రమర యలిగి పుట్టినింటికిఁ బోయినది. కృష్ణకాంతుఁడు మరణశయ్యమీఁద నుండి మరణశాసనమును దెప్పించి, గోవిందలాలు పేరు కొట్టివేసి యా చోట భ్రమర పేరు వ్రాయుమన్నాఁడు. భ్రమర గతించినచో నా సగము గోవిందలాలునకుఁ జేరవలెనని కూడ వ్రాయించినాఁడు. ఉద్దేశము మంచిదే. తప్పుదారిఁబడుచున్న పిల్లవానిని దారికిఁ దెచ్చి, పిమ్మట మరల మార్పవచ్చునని యాతని యూహ. పిమ్మట యనునది రాలేదు. ఆ సమయమున గోవిందలా లచ్చటనే యున్నాఁడు. తన పేరు కొట్టివేయఁబడిన కాగితముమీఁద నెవ్వరు నడుగకయే తాను సాక్షిగా సంతకము చేసినాఁడు.

హరలాలు కూటపత్ర మేమి చేయఁగోరెనో నిజపత్రమే యది చేసినది. గోవిందలాలునకుఁ గాసైన లేదు. రోహిణి చేసిన సాహసమంతయు వ్యర్థమైనది. అంతకంటె ముఖ్యమైన దొకటి. మొదటి మరణశాసనమునఁ గృష్ణకాంతుఁడు గోవిందలాలునకు సగము వ్రాసినది దయచేతఁ గాదు, ఆ సగము రామకాంతునిది గావున. హరలాలుతో నట్లనియే వాదించినాఁడు. తుదిదినమున మాత్ర మా సగమును దనదే యైనట్లు తీసి వేఱొకరి కిచ్చినాఁడు. తాను కావలి కాయుచున్న సొమ్మును దానే దానము చేసినాఁడు. మొదట న్యాయమునకు లోఁబడి వ్రాసిన చేయి, మూఁడు పత్రములు చించి, నాలవదానిని దిద్దునప్పటికిఁ దన యధికారమునకు మాత్రమే లోఁబడినది. రామకాంతుని లేఖ యొక్కటి యుండినచో నీ కొట్టివేఁత కవకాశమే లేదు. కృష్ణకాంతుఁ డధర్మాత్ముఁడు కాఁడు. చివరివఱకు మంచినే కోరినాఁడు. అందుచేతనే యీ ఘట్టము హరలాలు కూటముకంటె భయంకరముగా నున్నది.

ఈ దోషమును గనిపెట్టినది నవలలో న్యాయవాది కాఁడు, పదునేడేండ్ల భ్రమర. ఆస్తిలో సగము తన మామగారిదనియు, దానికి వారసుఁడు భర్తయే కాని తాను గాననియు, పెద్దమామగారి కది యిచ్చు నధికారమే లేదనియు గోవిందలాలుతో వాదించినది. తన కంతయు లాభమైన పత్రము చెల్లదని వాదించు స్త్రీని జూపుట వంగనవలలోనే కాదు, ఏ నవలలోనైన నరుదు. గోవిందలాలు పెదతండ్రి యనృతమాడువాఁడు కాఁడనియు, వ్రాసియిచ్చెను గావున నది భ్రమరదే యనియు బదులు చెప్పినాఁడు. చట్టమునకుఁ దలయొగ్గినట్లు కనఁబడు నీ మాటలో భార్యను విడుచుట కొక మిష దొరకినదను సంతోషము దాఁగియున్నది. భ్రమర దానపత్రము వ్రాయించి రిజిష్టరు చేయించి తెచ్చి యిచ్చినది. అతఁడు దానిని ముక్కలుముక్కలుగఁ జించినాఁడు. చించుట వ్యర్థ మనియు, దాని నకలు సర్కారువారి కచేరీలో నున్నదనియు నామె చెప్పినది. రాయల పెట్టెలోని పత్రములు మూఁడు చిరిఁగినవి, ఒకటి పోయి తిరిగి వచ్చినది, ఒకటి కాలినది, ఒకటి దిద్దఁబడినది. ఎవ్వరును బోఁగొట్టలేని పత్రము భ్రమరది యొక్కటియే. దానిని బుచ్చుకొనువాఁడు లేఁడు. కోడలి యన్నము తినఁజాలక యత్తగారు కాశికిఁ బోయినది. ఆమెను దింపివత్తునని పోయిన కొడుకు తిరిగి రాలేదు.

మరణశాసనము పేరఁ బ్రసిద్ధమైన యీ గ్రంథమున నాస్తివ్యాజ్య మొక్కటియు లేకపోవుట గమనింపఁదగును. డికెన్సు 1852–53లోఁ బ్రకటించిన 'బ్లీక్ హవుస్'లోఁ బోయిన మరణశాసనము కడపటఁ జిత్తుకాగితములలో దొరకును. అప్పటికి దావా ఖర్చులే యాస్తినంతయు మ్రింగియుండును. అక్కడ దోషము న్యాయస్థానముది. ఇక్కడ న్యాయస్థానము గడప నెవ్వరును ద్రొక్కలేదు. అంతయు వంటయింటను బడుకటింటను జరిగినది. నవలలోని విచారణ యొక్కటే, హత్యావిచారణ. అందుఁ గొనఁబడిన సాక్షులు పోలీసులు కొట్టి చెప్పించిరని పూర్వపు వాఙ్మూలములఁ గాదనఁగా, హంతకుఁడు విడుదలయైనాఁడు. డిప్యూటీమేజిస్ట్రేటై యెన్నియో విచారణలఁ జేసిన బంకించంద్రుఁ డీ ఘట్టమును నాలుగు మాటలలో, నాశ్చర్యమేమియు లేనట్లు వ్రాసినాఁడు.

విడుదలయైన పిమ్మట గోవిందలాలు చేతఁ జిల్లిగవ్వ లేక భ్రమరకు నుత్తరము వ్రాయఁగా, ఆమె యాస్తి యాతనిదేయనియు, దానపత్రము రిజిష్టరై యున్నదనియు, వచ్చి యనుభవింపవచ్చుననియుఁ బ్రత్యుత్తరము వ్రాసినది. రమ్మన్న మాటలో క్షమ లేదు. అతఁడు వచ్చినది యామె యవసానరాత్రమున. కృష్ణకాంతుఁడు వ్రాయించిన నిబంధనము ప్రకార మా రాత్రితో సగము గోవిందలాలుదైనది. తొలికూర్పున నతఁడు వారుణీపుష్కరిణిఁ బడి చనిపోవును. తరువాతి కూర్పులలో బంకించంద్రుఁడు దానిని మార్చి, సన్న్యాసియై పండ్రెండేండ్లకు మరలి వచ్చినట్లు వ్రాసినాఁడు. రెంటిలో మొదటిదే సహజమని కొందఱందురు. కాని రెండవదానిలో నొక ప్రయోజన మున్నది. వచ్చిన సన్న్యాసి యాస్తి నొల్లఁడు. రామకాంతుఁడు వ్రాయించుకొనలేకపోయినదియు, హరలాలు కాజేయఁ జూచినదియు, రోహిణి తిరిగి యిచ్చినదియు, భ్రమర కాదన్నదియు నగు నెనిమిదణాల భాగము, యే మరణశాసనమునను బేరు లేని మేనల్లుఁడు శచీకాంతునకుఁ జేరినది. అతఁ డా తోఁటను బాగుచేయించి, యందు భ్రమరకు బంగారుప్రతిమ పెట్టించినాఁడు.